సెల్ఫ్ పోయిందనుకునే ముందు: పాత కారు స్టార్టర్‌ని పరీక్షించడం, విప్పడం, బిగించడం

కీ తిప్పితే ఏం వినపడుతోందో ముందు చెవి పెట్టి వినండి. ‘టక్’ మని ఒక్కసారి కొట్టి ఊరుకోవడం వేరు, ‘టకటకటక’ మని ఆగకుండా కొట్టుకోవడం వేరు, ఇంజిన్ కదలకుండా మోటారు ఒక్కటే ‘జుయ్’ మని తిరగడం వేరు. మూడు చప్పుళ్లకీ మూడు వేరే జబ్బులు. అన్నిటికీ కలిపి ‘సెల్ఫ్ పోయింది’ అని ఒకే పేరు పెట్టి, కారుని తోసుకుంటూ విజయవాడ ఆటోనగర్ దాకా తీసుకెళ్లి స్టార్టర్ విప్పిస్తే, చివరికి బ్యాటరీ టెర్మినల్ మీద పేరుకున్న చిలుమే కారణమని తేలొచ్చు. ఈ పనిలో పానా పట్టుకునే ముందు మల్టీమీటర్ పట్టుకోవాలి. పరీక్షకి అరగంట పట్టదు.

ఇక్కడ రాసింది కీ తిప్పితే స్టార్టయ్యే పాత కార్లకి: 2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800, అంబాసిడర్, వాటికంటే ముందే ఆగిపోయిన ఎస్టీమ్, పద్మిని లాంటివి. బటన్ నొక్కితే స్టార్టయ్యే కార్ల సంగతి వేరు.

కావలసినవి: డిజిటల్ మల్టీమీటర్, టెస్ట్ ల్యాంప్, 10, 12, 14, 17 నంబరు పానాలు, బాక్స్ సెట్‌తో పాటు ఒక పొడుగు ఎక్స్‌టెన్షన్, తీగ బ్రష్, సన్న ఉప్పుకాగితం, దిట్టమైన జంపర్ కేబుళ్లు, కారు కింద పెట్టడానికి రెండు స్టాండ్లు. కీ తిప్పడానికి ఇంకో మనిషి ఉంటే మంచిది.

చప్పుడుని బట్టి

సందె చీకట్లో కారుని గోడకి ఎదురుగా పెట్టి, హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. గోడ మీద వెలుగు ఏమైందో చూడండి. సగం రోగం అక్కడే తెలుస్తుంది.

వెలుగు దాదాపు ఆరిపోతూ ‘టకటకటక’ మంటే బ్యాటరీ దిగిపోయింది, లేదా కేబుల్ ఎక్కడో సరిగ్గా పట్టడం లేదు. ఆ చప్పుడు ఎందుకొస్తుందంటే, స్టార్టర్ నెత్తిన ఉండే అయస్కాంతపు స్విచ్, అంటే సోలినాయిడ్‌లో, రెండు కాయిల్స్ ఉంటాయి. ఒకటి ప్లంజర్‌ని లాగేది, రెండోది లాగినదాన్ని పట్టి ఉంచేది. ప్లంజర్ లోపలికి వెళ్లి రాగి కాంటాక్టులు కలవగానే మోటారు ఒక్కసారిగా వంద ఆంపియర్ల పైన గుంజుతుంది. బ్యాటరీలో సత్తువ లేకపోతే ఓల్టేజి కూలిపోతుంది, పట్టి ఉంచే కాయిల్ పట్టు వదిలేస్తుంది, ప్లంజర్ వెనక్కి తన్నేస్తుంది. మోటారు ఆగగానే ఓల్టేజి లేస్తుంది, మళ్లీ లాగుతుంది. సెకనుకి నాలుగైదు సార్లు ఇదే తంతు. బ్యాటరీ, కేబుళ్లు బాగున్నా ఇలాగే కొట్టుకుంటుంటే పట్టి ఉంచే కాయిల్ తెగిందని అనుమానించాలి.

ఒక్క ‘టక్’ మని కొట్టి, వెలుగు ఏమాత్రం తగ్గకపోతే కరెంటు మోటారు దాకా వెళ్లడం లేదు. సోలినాయిడ్ కాంటాక్టులు కాలిపోయి ఉంటాయి, లేదా మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి కమ్యుటేటర్‌ని (అవి ఆనే రాగి పట్టీల చుట్టుని) తాకడం లేదు.

అదే ఒక్క ‘టక్’ తో వెలుగు బాగా పడిపోతే లెక్క మారుతుంది. కరెంటు వెళ్తోంది, తిరగాల్సింది ఇరుక్కుంది. కీ తీసేసి, టాప్ గేర్‌లో వేసి కారుని ముందుకీ వెనక్కీ జానెడు ఊపండి. పినియన్ (స్టార్టర్ కొసన ఉండే చిన్న పళ్లచక్రం) రింగ్ గేర్‌లో (ఇంజిన్ ఫ్లైవీల్ చుట్టూ ఉండే పెద్ద పళ్లచక్రంలో) ఇరుక్కుంటే ‘టిక్’ మని విడిపోతుంది. అప్పటికీ కదలకపోతే న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ బోల్టుకి బాక్స్ వేసి ఇంజిన్ చేత్తో తిరుగుతుందో లేదో చూడండి. తిరక్కపోతే తప్పు స్టార్టర్‌ది కాదు, ఇంజిన్‌ది.

‘జుయ్’ మని ఖాళీగా తిరిగితే పినియన్‌ని మోసే భాగం, అంటే బెండిక్స్‌లోని ఒన్‌వే క్లచ్ జారిపోతోంది, లేదా దాన్ని ముందుకి తోసే ఫోర్క్ విరిగింది. ‘గర్ర్’ మని పళ్లు కొరికినట్టు వస్తే పినియన్ లేదా రింగ్ గేర్ పళ్లు అరిగాయి. కానీ ముందు స్టార్టర్ బోల్టులు వదులయ్యాయేమో చూడండి, అదీ ఇలాగే అరుస్తుంది. అసలు చప్పుడే లేకపోతే సోలినాయిడ్‌కి వచ్చే సన్న వైరు, ఇగ్నిషన్ స్విచ్, రిలే, ఈ మూడిట్లో ఏదో ఒకటి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ని ముంచినట్టు ఎప్పుడైనా నీళ్లలో మునిగిన కారైతే మాత్రం సెల్ఫ్ కొట్టి పరీక్షించొద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పి, ఇంజిన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి నీళ్లు బయటికి పోనివ్వాలి. స్టార్టర్‌ని ఎలాగూ విప్పక తప్పదు, బెండిక్స్‌లో బురద గట్టిపడి ఉంటుంది.

ఓల్టులు చూడటం

న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్, టైర్ల కింద రాళ్లు. ఇవి పెట్టాకే మొదలుపెట్టండి. పరీక్ష జరిగేటప్పుడు ఇంజిన్ స్టార్ట్ కాకూడదు, కేవలం తిరగాలి. కార్బ్యురేటర్ బండి అయితే ఇగ్నిషన్ కాయిల్ ప్లస్ వైరు పీకండి. ఎంపీఎఫ్‌ఐ (పెట్రోలుని ఇంజెక్టర్లతో చల్లే రకం) అయితే ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీయండి. డీజిల్ అంబాసిడర్ అయితే ఇంజిన్ ఆపే కేబుల్ లాగి పట్టుకోమనండి.

మొదట బ్యాటరీ. రాత్రంతా ఆగి ఉన్న కారుకి రెండు పోస్టుల (బ్యాటరీ మీద పొడుచుకొచ్చిన సీసపు మొలకల) మధ్య 12.6 ఓల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12.0 కంటే తక్కువుంటే చార్జి పెట్టకుండా ఏ పరీక్షా చేయకండి, వచ్చే అంకెలన్నీ అబద్ధమే చెబుతాయి. అప్పుడే చార్జింగ్ మీదనుంచి తీసిన బ్యాటరీ అయితే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆపి, కాసేపాగి చూడండి. మూతలు తెరుచుకునే రకం అయితే హైడ్రోమీటర్‌తో ఆరు సెల్సూ చూడండి. అన్నీ తక్కువగా ఉంటే చార్జి లేదు. ఒకే సెల్ మిగతావాటికంటే 0.050 తగ్గితే ఆ సెల్ పోయింది, అక్కడితో ఆ బ్యాటరీ పని అయిపోయింది. మన ఎండలకి బ్యాటరీ చావు స్టార్టర్ చావుకంటే ముందొస్తుంది కాబట్టి ఈ మెట్టు దాటేయకండి.

ఇప్పుడు ప్రోబులు పోస్టుల మీదే ఉంచి సెల్ఫ్ కొట్టించండి. తిరుగుతున్నంతసేపూ 9.6 ఓల్టుల కిందికి దిగకూడదు. వేసవి కాలంలో మంచి బ్యాటరీ 10 పైనే నిలబడుతుంది. ఒక్కసారికి పది సెకన్లు మించి కొట్టకండి, మధ్యలో ఒక నిమిషం విశ్రాంతి ఇవ్వండి. స్టార్టర్‌కి చల్లబరిచే ఫ్యాన్ ఉండదు, వేడంతా లోపలే ఉండిపోతుంది.

బ్యాటరీ నిలబడింది, స్టార్టర్ మాత్రం నీరసంగా తిరుగుతోంది. ఇక్కడ ఎక్కువమంది నేరుగా స్టార్టర్ మార్చేస్తారు. ఆగండి. కరెంటు వెళ్లే దారిలో ఎక్కడ నష్టపోతోందో చూడాలి. మీటరుని 20 ఓల్టుల డీసీలో పెట్టి, సెల్ఫ్ కొడుతూ ఈ కొలతలు తీసుకోండి:

1. ఎర్ర ప్రోబు బ్యాటరీ ప్లస్ పోస్టు మీద, నల్ల ప్రోబు స్టార్టర్ మీద లావు కేబుల్ వచ్చే స్టడ్ మీద. 0.5 ఓల్టు దాటకూడదు. దాటితే తప్పు కేబుల్‌ది, లేదా దాని చివర బోల్టుకి బిగించే లోహపు కొసలది (థింబుల్స్).

2. సోలినాయిడ్ మీది రెండు లావు స్టడ్‌ల మధ్య. సెల్ఫ్ కొట్టకముందు 12 చూపిస్తుంది, కొట్టగానే 0.3 కంటే తక్కువకి రావాలి. ‘టక్’ మన్నాక కూడా 12 దగ్గరే ఉంటే కాంటాక్టులు కలవడం లేదు.

3. ఎర్ర ప్రోబు స్టార్టర్ బాడీ మీద, నల్లది బ్యాటరీ మైనస్ పోస్టు మీద. 0.3 దాటితే ఎర్త్ బాగాలేదు.

పోస్టు మీద అన్నది గమనించండి. పోస్టుకి కేబుల్‌ని బిగించే క్లాంపు మీద కాదు. పోస్టుకీ క్లాంపుకీ మధ్య ఉండే నల్ల పొరే దొంగ అయితే, క్లాంపు మీద ప్రోబు పెడితే ఆ దొంగ దొరకడు.

మూడోది పాత కార్లలో బాగా మోసం చేస్తుంది. ఇంజిన్ నుంచి బాడీకి ఉండే అల్లిక ఎర్త్ పట్టీ తుప్పుపట్టి తెగితే, కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది. యాక్సిలరేటర్ కేబుల్, చోక్ కేబుల్ గుండా పోతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు చోక్ నాబ్ వేడెక్కినా, కేబుల్ దగ్గర పొగ వాసన వచ్చినా వెంటనే ఆపేయండి. ఒక జంపర్ కేబుల్ తీసుకుని బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజిన్ బ్లాకుకి తగిలించి మళ్లీ కొట్టి చూడండి. ఇంజిన్ గిర్రున తిరిగిందంటే మీకు కావలసింది కొత్త స్టార్టర్ కాదు, కొత్త పట్టీ.

చప్పుడే లేని కారుకి నాలుగో కొలత ఉంది. సోలినాయిడ్ మీది సన్న వైరుకీ స్టార్టర్ బాడీకీ మధ్య, కీ తిప్పి పట్టుకుని చూడాలి. బ్యాటరీ ఓల్టేజికి దగ్గరగా రావాలి. తొమ్మిది కంటే తక్కువ వస్తుంటే ఇగ్నిషన్ స్విచ్ లోపలి పాయింట్లు అరిగాయి. రిలే లేని బండ్లలో సోలినాయిడ్ లాగే కరెంటంతా ఆ చిన్న స్విచ్ గుండానే రావాలి, ఇరవై ఏళ్లు మోసి మోసి పాయింట్లు కాలిపోతాయి. స్విచ్ మార్చినా మళ్లీ అదే కథ కాబట్టి, 40 ఆంపియర్ల నాలుగు కాళ్ల రిలే ఒకటి పెట్టేయడం మేలు. కీ నుంచి వచ్చే పాత సన్న వైరు 86కి, 85 ఎర్త్‌కి, బ్యాటరీ ప్లస్ నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజుతో 30కి, 87 నుంచి సోలినాయిడ్‌కి. రిలేని నీళ్లు పడని చోట, కాళ్లు కిందికి ఉండేలా బిగించండి.

మధ్యాహ్నం మాత్రమే మొండికేసే కారు

పొద్దున పటమటలో చక్కగా స్టార్టవుతుంది. బెంజి సర్కిల్ దగ్గర పని చూసుకుని పావుగంట తర్వాత వచ్చి కీ తిప్పితే ‘టక్’. అరగంట ఆగితే మళ్లీ మామూలే. దీనికి కారణం వేడే. ఇంజిన్ ఆపగానే గాలి, నీరు తిరగడం ఆగిపోయి, బ్లాకు వేడి పక్కనే ఉన్న స్టార్టర్‌లోకి దిగుతుంది. రాగి ఒక్కో డిగ్రీ వేడెక్కితే దాని రెసిస్టెన్సు సుమారు 0.4 శాతం పెరుగుతుంది. అరవై డిగ్రీలు ఎక్కితే దాదాపు నాలుగో వంతు. ఆ మేరకి సోలినాయిడ్ కాయిల్‌లోకి వచ్చే కరెంటు తగ్గుతుంది, లాగే బలం తగ్గుతుంది. పొద్దున ఎలాగోలా నెట్టుకొచ్చిన అరిగిన కాంటాక్టు, 9 ఓల్టుల సన్న వైరు రోహిణి కార్తెలో బయటపడతాయి. అందుకే ఇలాంటి కారుకి కొలతలు చల్లటి పూట తీస్తే లాభం లేదు. ఇబ్బంది పెట్టిన ఆ నిమిషంలోనే తీయాలి.

స్టార్టర్‌ని పానాతో తట్టి నడిపించడం అందరికీ తెలిసిన కిటుకే. బ్రష్ ఇరుక్కుంటే ఒకటి రెండు సార్లు పనిచేస్తుంది, ఇంటికి చేరడానికి వాడుకోండి. కానీ లోపల ఫీల్డ్ కాయిల్స్‌కి (మోటారు గోడకి బిగించిన తీగ చుట్లకి) బదులు అయస్కాంతాలు అతికించిన రకం అయితే గట్టిగా కొట్టొద్దు. అయస్కాంతం పెంకులా పగులుతుంది, ఆ ముక్క లోపల తిరిగే ఆర్మేచర్‌లో పడితే మొత్తం పోతుంది.

విప్పడం

ముందు బ్యాటరీ మైనస్ క్లాంపు తీసి పక్కకి కట్టేయండి. ఇది మర్చిపోతే, స్టార్టర్ మీది లావు స్టడ్‌కి ఫ్యూజు ఉండదు కాబట్టి, పానా ఆ స్టడ్‌కీ బాడీకీ తగిలిన క్షణంలో ఎర్రగా కాలి అతుక్కుపోతుంది. చేతికి ఉంగరం, వాచీ ఉంటే తీసేయండి.

స్టార్టర్ ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట ఉంటుంది. పైనుంచి చెయ్యి అందకపోతే కారు లేపాలి. జాకీని నమ్మి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టాకే. వైర్లు విప్పేముందు సెల్‌ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి.

లావు కేబుల్ నట్టు విప్పేటప్పుడు స్టడ్ మొదట్లో ఉండే లోపలి నట్టుని ఇంకో పానాతో పట్టుకోవాలి. పట్టుకోకపోతే స్టడ్ మొత్తం తిరిగి సోలినాయిడ్ నల్ల మూత పగులుతుంది, లోపలి తీగ తెగుతుంది. బాగున్న సోలినాయిడ్ అక్కడే చస్తుంది. సన్న వైరు క్లిప్పుని వైరు పట్టి లాగకుండా క్లిప్పు పట్టి లాగండి.

చాలా బండ్లకి బిగింపు బోల్టులు రెండే. కదలకపోతే పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి పావుగంట ఆగండి. కింది బోల్టు ముందు వదులు చేసి, పైది విప్పి, చివరగా కిందిది తీస్తూ రెండో చేత్తో స్టార్టర్‌ని పట్టుకోండి. మూడు నుంచి ఐదు కిలోలుంటుంది, మొహం మీద పడితే చిన్న బరువు కాదు.

స్టార్టర్ బయటికొచ్చాక ఆ కన్నంలోంచి టార్చి వేసి రింగ్ గేర్ చూడకుండా కారు దించకండి. క్రాంక్ పుల్లీని చేత్తో తిప్పుతూ ఒక పూర్తి చుట్టు పళ్లన్నీ చూడండి. ఇంజిన్ ఎప్పుడూ కంప్రెషన్‌కి ఎదురుతిరిగి దాదాపు అవే చోట్ల ఆగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి ఎదురెదురుగా రెండు చోట్ల, మూడు సిలిండర్ల మారుతి 800కి మూడు చోట్ల. పినియన్ ఢీకొట్టేది కూడా అక్కడే కాబట్టి అరుగుదల అక్కడే కనిపిస్తుంది. పళ్ల అంచు కొంచెం మొద్దుబారితే పర్వాలేదు. సగం పళ్లు పోయి ఉంటే కొత్త స్టార్టర్ వేసినా ‘గర్ర్’ తగ్గదు, గేర్‌బాక్స్ దించి రింగ్ మార్చాల్సిందే.

బల్ల మీద

పినియన్‌ని చేత్తో తిప్పండి. ఒకవైపు ఖాళీగా తిరగాలి, రెండోవైపు షాఫ్టుని పట్టుకుని లాక్కుపోవాలి. రెండువైపులా జారితే బెండిక్స్ మార్చాలి.

స్టార్టర్‌ని వైస్‌లో గట్టిగా బిగించి, జంపర్ మైనస్ బాడీకి, ప్లస్ లావు స్టడ్‌కి పెట్టి, చిన్న వైరుతో ప్లస్‌ని సన్న టెర్మినల్‌కి తాకించండి. పినియన్ ఎగిరి ముందుకొచ్చి గిర్రున తిరగాలి. వైస్ లేకపోతే ఈ పరీక్ష వద్దు, కాలితో తొక్కిపట్టి చేయడం వేళ్లకి మంచిది కాదు.

ఆటోనగర్‌లో ఈ పాత స్టార్టర్లని విప్పి బాగుచేసే ఆటో ఎలక్ట్రికల్ షాపులు ఉన్నంతకాలం కొత్తది కొనడానికి తొందరపడక్కర్లేదు. ఆర్మేచర్ వైండింగ్ కాలనంతవరకూ బాగుచేయించుకోవడమే మేలు. దగ్గర నిలబడి నాలుగు చూడండి, మేస్త్రీకి కూడా చూపించమనండి.

సోలినాయిడ్ లోపలి రాగి బిళ్ల: కొత్తది నున్నగా ఉంటుంది. పాతదాని అంచున, కాంటాక్టు తగిలే రెండు చోట్ల, ఎలుక కొరికినట్టు గుంటలు, చుట్టూ నల్లటి మసి కనిపిస్తాయి. ఆ బిళ్లని తిరగేసి వేయొచ్చు, రెండోవైపు కొత్తగానే ఉంటుంది. మూత విప్పడానికి వీల్లేకుండా నొక్కేసిన రకం అయితే సోలినాయిడ్ మొత్తం మార్చాలి.

కార్బన్ బ్రష్‌లు: కొత్తదాని పొడుగులో సగానికి దిగితే మార్చేయాలి. ఒక్కటే అరిగినా నాలుగూ మార్చండి. గూట్లో బ్రష్ తేలిగ్గా జారాలి, స్ప్రింగు నల్లబడి మెత్తబడకూడదు.

కమ్యుటేటర్: మసి మాత్రమే ఉంటే సన్న ఉప్పుకాగితంతో తుడిస్తే చాలు. ఎమరీ గుడ్డ వాడనివ్వకండి, దాని రవ్వలు రాగి పట్టీల మధ్య సందులో ఇరుక్కుని బ్రష్‌లని తినేస్తాయి. గాడి పడితే లేత్ మీద పట్టించి, పట్టీల మధ్య మైకాని రాగి కంటే కొంచెం లోతుకి గీకించాలి. ఒకటి రెండు పట్టీలే నల్లగా కాలి మిగతావి మెరుస్తుంటే ఆ చుట్టు తెగింది. అప్పుడే ఆర్మేచర్ గురించి ఆలోచించాలి.

బుష్‌లు (షాఫ్టు చివరలు ఆని తిరిగే చిన్న లోహపు గొట్టాలు): అన్నిటికంటే చౌక, అందుకే అందరూ వదిలేస్తారు. షాఫ్టుని బుష్‌లో పెట్టి ఊపితే ఆట తెలియకూడదు. రంధ్రం కోడిగుడ్డులా సాగితే ఆర్మేచర్ పక్కకి వాలి చుట్టూ ఉండే ఇనుప పోల్ షూలని రాస్తుంది. దాని మీద ఒకవైపు మెరిసే గీత పడి ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. ఆ రాపిడే వేడెక్కాక నీరసంగా తిరగడానికి పెద్ద కారణం. కొత్త బుష్‌ని కొట్టేముందు ఇంజిన్ ఆయిల్‌లో అరగంటైనా నాననివ్వమనండి. ఒక చివర వేలితో మూసి, లోపల ఆయిల్ పోసి రెండో చివర బొటనవేలితో నొక్కితే గోడల్లోంచి ఆయిల్ చెమటలా బయటికి రావాలి. పొడిగా కొట్టేసిన బుష్ మళ్లీ ఏడాదికే వస్తుంది. గ్రీజు మాత్రం పినియన్ జారే షాఫ్టు మీద దట్టించొద్దు, క్లచ్ దుమ్ము పట్టి ముద్దవుతుంది. రెండు చుక్కల పల్చటి ఆయిల్ చాలు.

మార్చక తప్పకపోతే పాతది చేత్తో పట్టుకెళ్లండి. పినియన్ పళ్లెన్ని, అది తిరిగే దిక్కు ఏది, బోల్టు కన్నాల మధ్య దూరం ఎంత, ఇవి పక్కపక్కన పెట్టి సరిచూసుకోవాలి. బయటి పెయింటు మెరుపు చూసి డబ్బులివ్వకండి. మీ ముందే బ్యాటరీ పెట్టి తిప్పించాకే ఇవ్వండి.

బిగించడం

స్టార్టర్‌కి ఎర్త్ దాని మూతి గేర్‌బాక్స్‌కి ఆనే చోటే. రెండు ముఖాల మీదా తుప్పు, కొత్త పెయింటు తీగ బ్రష్‌తో గీకి లోహం కనపడేలా చేయండి. బాగుచేసిన స్టార్టర్‌కి మూతి మీద కూడా పెయింటు కొట్టి ఇస్తారు, దాన్ని అలాగే బిగిస్తే మళ్లీ మూడో కొలత దగ్గరికే వస్తారు.

స్టార్టర్‌ని తిన్నగా లోపలికి పెట్టి, రెండు బోల్టులూ చేత్తో నాలుగైదు చుట్లు ఎక్కాకే పానా వేయండి. ఒకటి పూర్తిగా బిగించి రెండోది లాగితే మూతి వంకరగా కూర్చుని పినియన్ అరుస్తుంది. లావు కేబుల్ నట్టుని గట్టిగా, కానీ బలమంతా పెట్టకుండా బిగించండి, లోపలి నట్టుని ఈసారి కూడా పట్టుకోవాలి. కేబుల్ సైలెన్సర్ గొట్టానికి తగలకుండా చూడండి. రబ్బరు టోపీ చినిగితే కొత్తది వేయండి. సన్న వైరు క్లిప్పు వదులుగా ఉంటే కటింగ్ ప్లేయర్‌తో కొంచెం నొక్కి ఎక్కించండి. పీకిన కాయిల్ వైరు, ఫ్యూజు తిరిగి పెట్టండి. చివరగా మైనస్ క్లాంపు.

స్టార్ట్ చేశాక ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 ఓల్టులు రావాలి. తక్కువుంటే ఆల్టర్నేటర్ చార్జి చేయడం లేదు, కొత్త స్టార్టర్ వారంలో మళ్లీ ‘టకటక’ మంటుంది. తర్వాత మధ్యాహ్నం పూట కనకదుర్గ వారధి దాటి మంగళగిరి దాకా వెళ్లి రండి. ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తకుండా పావుగంట ఎండలో వదిలేసి అప్పుడు కీ తిప్పండి. తిరిగేటప్పుడు 10 ఓల్టుల పైన నిలబడి మొదటి సారికే అందుకుంటే పని అయినట్టే. వారం తర్వాత రెండు బోల్టులూ, కేబుల్ నట్టూ ఇంకోసారి పానాతో చూసుకోండి.